టాస్ గెలిస్తే ఏం కోరుకోవాలి?

2024 ఫిబ్రవరి 12, సోమవారం. హిజ్లీలో ఉదయం తొమ్మిది దాటింది. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అక్కడ ఇంకా ఆదివారం రాత్రే. "అక్కా, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా. వీళ్లు టాస్ గెలిచి బంతి ముందు తీసుకున్నారు, ఓడిపోయారు. తప్పు చేశారా?"

వాడు అడిగింది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. లాస్ వేగస్‌లో సూపర్ బౌల్ అప్పుడే ముగిసింది. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఆట ఒక్కసారీ చూడలేదు. నేను సంగతి చెప్పగానే తీర్పు మాత్రం ఇచ్చేశారు: "ముందు దిగినోడికి లోతేం తెలుస్తాది? ఎనకొచ్చినోడు చూసుకుని దిగుతాడు."

మనకు సామెత కూడా ఉంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని. అయితే ఈసారి సామెత సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం చూడాలంటే కొంచెం లెక్క వెయ్యాలి. ఆ లెక్క ఒక ఆటతో ఆగదు. నిర్ణయాల మంచిచెడ్డలను మనం ఎలా తేలుస్తున్నామో కూడా అది చెబుతుంది.

ఆ రోజు ఏం జరిగింది

ఆట తెలియనివారికి రెండు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. వాటిని డౌన్‌లు అంటారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటివారిది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దానిపైన మామూలుగా తన్నుతో ఇంకో పాయింటు, లేదా ఇంకో ఆట ఆడి 2 పాయింట్లు తెచ్చుకోవచ్చు. అంతదూరం వెళ్లలేనప్పుడు బంతిని కంబాల మధ్య నుంచి తన్నితే 3 పాయింట్లు. దాన్ని ఫీల్డ్ గోల్ అంటారు. అదీ కుదరకపోతే నాలుగో డౌన్‌లో బంతిని దూరంగా తన్ని ఎదుటివారికి అప్పగిస్తారు. దాని పేరు పంట్.

శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్, కాన్సస్ సిటీ చీఫ్స్ నిర్ణీత సమయం ముగిసేసరికి 19-19తో సమంగా నిలిచాయి. అదనపు సమయం మొదలయ్యే ముందు టాస్ వేశారు. ఫార్టీనైనర్స్ గెలిచి, బంతి ముందు మాకే అన్నారు. ఎదుటివారి గీతకు 9 గజాల దూరం దాకా వెళ్లారు. నాలుగో డౌన్, ఇంకా 4 గజాలు కావాలి. ఫీల్డ్ గోల్ తన్ని 3 పాయింట్లతో సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత చీఫ్స్ 75 గజాలు నడిచి, 3 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ చేశారు. 25-22. మర్నాటి నుంచి ఫార్టీనైనర్స్ కోచ్ కైల్ షానహన్ మీద విమర్శల వాన కురిసింది.

ముందు ఆడేవాడి లాభం

ఇద్దరు కూర్చుని వంతులవారీగా పాచిక వేస్తున్నారనుకోండి. ఎవరికి ముందు ఆరు పడితే వారిదే గెలుపు. ముందు వేసేవాడికి ఎంత లాభం?

దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. మొదటివాడు వేసే ప్రతి పాచికకూ జతగా రెండోవాడి పాచిక ఒకటి ఉంటుంది. కానీ మొదటివాడికి ఆరు పడకపోతేనే రెండోవాడికి వంతు వస్తుంది. ఆరు పడకుండా ఉండేది ఆరింటిలో ఐదుసార్లు. అంటే మొదటివాడికి 6 అవకాశాలుంటే రెండోవాడికి 5. మొదటివాడు గెలిచే సంభావ్యత 11లో 6, దాదాపు 54.5 శాతం. చేసిన పని ఏమీ లేదు, ముందు కూర్చున్నందుకే ఆ నాలుగున్నర శాతం.

పాచిక మీద ఆరు పడటం అరుదు, అందుకే లాభం తక్కువ. గెలుపు సులువయ్యేకొద్దీ ముందున్నవాడి లాభం పెరుగుతుంది. ఒక జట్టు బంతి దొరికిన ప్రతిసారీ 45 శాతం అవకాశంతో ఏదో ఒక స్కోరు చేస్తుందనుకుందాం. ముందు స్కోరు చేసినవారిదే మ్యాచ్ అయితే, మొదటి జట్టుకు 100 అవకాశాలుంటే రెండోదానికి 55. అంటే మొదటి జట్టు గెలిచే సంభావ్యత 64.5 శాతం.

అమెరికన్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1974లో సాధారణ సీజన్ మ్యాచ్‌లకు తెచ్చిన అదనపు సమయం సరిగ్గా ఇలాంటిదే. ముందు పాయింటు తెచ్చినవారిదే విజయం. ఇది అన్యాయమన్న గొడవ పెరిగాక 2010లో ప్లేఆఫ్ మ్యాచ్‌లకు నియమం మార్చారు, 2012లో సాధారణ సీజన్‌కూ వర్తింపజేశారు. ముందు ఆడిన జట్టు ఫీల్డ్ గోల్ మాత్రమే చేస్తే రెండో జట్టుకూ అవకాశం ఉంటుంది, టచ్‌డౌన్ చేస్తే మాత్రం అక్కడితో సరి.

ఆ నియమం కింద 12 ప్లేఆఫ్ మ్యాచ్‌లు అదనపు సమయానికి వెళ్లాయి. వాటిలో 10 టాస్ గెలిచిన జట్లవే. అందులో 7 మొదటి దఫాలోనే టచ్‌డౌన్‌తో ముగిశాయి. 2022 జనవరి 23న చీఫ్స్ చేతిలో బఫెలో బిల్స్ 42-36తో ఓడినప్పుడు బిల్స్ ఆటగాడు జోష్ అలెన్‌కు అదనపు సమయంలో బంతి ఒక్కసారీ చేతికి రాలేదు. రెండు నెలలకే లీగ్ నియమం మార్చింది. ప్లేఆఫ్స్‌లో మొదటి జట్టు టచ్‌డౌన్ చేసినా రెండో జట్టుకు బంతి ఇవ్వాలి. ఇద్దరూ ఒక్కోసారి ఆడాక కూడా సమంగా ఉంటే, అప్పటినుంచి ముందు పాయింటు తెచ్చినవారిదే గెలుపు. 2025 నుంచి సాధారణ సీజన్ మ్యాచ్‌లకూ దీన్ని విస్తరించారు.

2024 సూపర్ బౌల్ ఈ కొత్త ప్లేఆఫ్ నియమం కింద జరిగిన మొదటి అదనపు సమయం. షానహన్ ముందున్నది ఎవరూ నడవని దారి.

వెనక ఆడేవాడి లాభం

కొత్త నియమంతో నాన్న చెప్పిన లోతు సంగతి లెక్కలోకి వచ్చింది. క్రికెట్ చూసేవారికి ఇది కొత్త కాదు. ఛేజింగ్‌కు దిగిన జట్టుకు ఎన్ని పరుగులు కావాలో తెలుసు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తెగించాలో తెలుసు. ముందు బ్యాటింగ్ చేసినవారు 160 చాలో, 180 కావాలో ఊహించుకుంటూ ఆడాలి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ తేడా నాలుగో డౌన్ దగ్గర బయటపడుతుంది. ఆ రోజు చీఫ్స్ తమ గీతకు 34 గజాల దూరంలో ఉన్నప్పుడు నాలుగో డౌన్ వచ్చింది, ఒక గజం కావాలి. మామూలు రోజైతే చాలామంది కోచ్‌లు అక్కడ పంట్ చేస్తారు. కానీ చీఫ్స్ 3 పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి అప్పగిస్తే మ్యాచ్ పోయినట్టే. కాబట్టి ఆలోచించడానికేమీ లేదు. ప్యాట్రిక్ మహోమ్స్ బంతి పట్టుకుని తనే పరుగెత్తి 8 గజాలు తెచ్చాడు. ఎదుటివారి స్కోరు తెలిసి ఉండటం వారికి ఒక ప్రయత్నాన్ని అదనంగా ఇచ్చినట్టయింది. మూడు డౌన్‌ల ఆట నాలుగు డౌన్‌ల ఆట అయింది.

దీనికి అటువైపు ఫార్టీనైనర్స్ 9 గజాల దూరంలో నిలబడ్డ క్షణం. 3 పాయింట్లు చాలునా, 7 కావాలా? చీఫ్స్ ఏం చేస్తారో తెలిస్తే జవాబు సులువు. తెలియకపోవడమే ముందు ఆడేవారు కట్టే మూల్యం.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ సమాచారపు విలువ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ అదనపు సమయంలో ప్రతి రౌండులో రెండు జట్లకూ ఒక్కో అవకాశం వస్తుంది. సమమైతే మళ్లీ ఇద్దరికీ. ముందు పాయింటు తెచ్చినవారిదే గెలుపు అనే దశ ఎప్పటికీ రాదు. అంటే ముందు ఆడటంలో పాచికల లాభం సున్నా, వెనక ఆడటంలో సమాచారపు లాభం ఉంటుంది. అందుకే అక్కడ టాస్ గెలిచిన కోచ్‌లు దాదాపు ఎప్పుడూ ముందు డిఫెన్స్ కోరుకుంటారు. నాన్న సామెత పూర్తిగా చెల్లే చోటు అది.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. ఇద్దరి దఫాలు అయ్యాక సమంగా ఉంటే మూడో దఫా మొదటి జట్టుదే. అక్కడినుంచి పాత ఆటే, పాచికల ఆటే. షానహన్ మ్యాచ్ తర్వాత చెప్పిన కారణం కూడా ఇదే. మూడోసారి బంతి తమ చేతిలో ఉండాలనుకున్నామన్నాడు.

రెంటినీ త్రాసులో వేస్తే

ఏది ఎక్కువ? ఊహాత్మకమైన అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఇవి ఏ జట్టు గణాంకాలూ కావు, ఆలోచనకు ఊతం మాత్రమే. బంతి దొరికినప్పుడు టచ్‌డౌన్‌కు 25 శాతం, ఫీల్డ్ గోల్‌కు 20 శాతం, ఏమీ రాకపోవడానికి 55 శాతం అనుకుందాం.

ముందు పాయింటు తెచ్చినవారిదే గెలుపు అన్న పాత నియమంలో మొదటి జట్టుకు 64.5 శాతం, పైన చూసిందే. టచ్‌డౌన్ మాత్రమే వెంటనే గెలిపించే 2010 నియమంలో అది 58కి దిగుతుంది. ఇద్దరికీ తప్పనిసరిగా బంతి ఇచ్చే కొత్త నియమంలో 56. ఇంతవరకూ రెండో జట్టు ఎదుటివారి స్కోరు తెలియనట్టే ఆడిందని అనుకున్నాం.

ఇప్పుడు తెలిసి ఆడనిద్దాం. మొదటి జట్టు టచ్‌డౌన్ చేస్తే రెండోది నాలుగు డౌన్‌లూ వాడుకుని తెగించి ఆడుతుంది. దాని టచ్‌డౌన్ అవకాశం 25 నుంచి 40 శాతానికి పెరిగిందనుకుందాం. ఆపైన ఒక పాయింటుతో సమం చేసి మూడో దఫా ఎదుటివారికి ఇచ్చేకంటే 2 పాయింట్లకు ప్రయత్నించి అక్కడే తేల్చుకోవడం మేలు. ఆ ప్రయత్నం 48 శాతం ఫలిస్తుందనుకుందాం. ఎదుటివారు ఫీల్డ్ గోల్ చేస్తే రెండో జట్టుకు టచ్‌డౌన్ అవకాశం 30, ఫీల్డ్ గోల్ అవకాశం 25 శాతం. ఎదుటివారికి ఏమీ రాకపోతే ఏదో ఒక స్కోరు చేసే అవకాశం 50 శాతం. ఇవన్నీ కూడితే మొదటి జట్టు గెలిచే సంభావ్యత ఎంతో తెలుసా? 50.2 శాతం.

త్రాసు దాదాపు సమంగా నిలిచింది. తెగింపు వల్ల వచ్చే లాభాన్ని కాస్త తగ్గిస్తే ముందు ఆడటం మేలవుతుంది, కాస్త పెంచితే వెనక ఆడటం మేలవుతుంది. ఎదుట మహోమ్స్ ఉన్నాడా, మీ డిఫెన్స్ అలసిపోయి ఉందా అన్న సంగతులు ఆ కాస్తను అటూ ఇటూ జరుపుతాయి. నాణెం గెలిచి, దాదాపు నాణెం లాంటి ప్రశ్నకే జవాబు చెప్పాడు షానహన్.

అందుకే తమ్ముడికి నేను పంపిన జవాబు: "తప్పు కాదు, ఒప్పూ కాదు. ఫలితం చూసి తీర్పు చెప్పకు."

కొద్ది అంకెలు, పెద్ద నమ్మకాలు

వెంటనే వాడు అడిగాడు, "మరి 12లో 10 గెలవలేదా?" మంచి ప్రశ్న. టాస్‌కు ఏ ప్రభావమూ లేకపోయినా 12లో 10 లేదా అంతకన్నా ఎక్కువ గెలవడం 100లో రెండుసార్లు జరుగుతుంది. అంటే ఆ అంకె ఆలోచించదగ్గదే. పైగా పాచికల తర్కం కూడా అదే చెబుతోంది. అయినా 12 మ్యాచ్‌లు చాలా తక్కువ. లాభం ఉందని చెప్పగలవు కానీ ఎంత ఉందో చెప్పలేవు. బిల్స్ మీద టాస్ గెలిచి సంబరం చేసుకున్న అదే చీఫ్స్, వారం తిరగకుండా సిన్సినాటి బెంగాల్స్ మీద టాస్ గెలిచీ ఓడిపోయారు.

సాకర్ పెనాల్టీ షూటౌట్ల కథ మనకు హెచ్చరిక. 2010లో హోసె అపెస్తెగియా, ఇగ్నాసియో పలాసియోస్-వెర్తా అనే ఆర్థికవేత్తలు 129 షూటౌట్లు పరిశీలించి, ముందు తన్నిన జట్టు 60 శాతానికి పైగా గెలుస్తోందని ప్రకటించారు. వెనక తన్నేవారి మీద ఒత్తిడి ఎక్కువని వివరణ. రెండేళ్ల తర్వాత మార్టిన్ కోహర్, అతని సహచరులు 540 షూటౌట్లు తీసుకుని చూస్తే ఆ అంకె 53 దగ్గరికి పడిపోయింది. అది యాదృచ్ఛికం కాదని చెప్పే వీలు లేదు. డేటా నాలుగింతలు పెరిగేసరికి నమ్మకం కరిగింది.

అక్కడ సమాచారం వెనకవారికి కష్టం కలిగిస్తుందన్నారు. ఇక్కడ సమాచారం వెనకవారికి లాభం. రెండూ నిజం కావచ్చు. సమాచారం వల్ల వ్యూహం మార్చుకునే వీలుంటే అది లాభం. పెనాల్టీ తన్నేవాడికి మార్చుకోవడానికి పెద్దగా ఏముంది? గోల్ కొట్టాలి, అంతే. తెలిసినది చేతల్లోకి రాకపోతే భారంగానే మిగులుతుంది.

నిర్ణయం వేరు, ఫలితం వేరు

ఖరగ్‌పూర్‌లో టాస్ మాట వస్తే ధోనీ పేరు రాక తప్పదు. 2001 నుంచి 2003 దాకా ఈ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసినవాడు. 2011 ప్రపంచకప్ ఫైనల్‌లో టాస్ రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది. ప్రేక్షకుల హోరులో సంగక్కర ఏమన్నాడో మొదటిసారి రిఫరీకి సరిగా వినపడలేదు. రెండోసారి సంగక్కర గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. శ్రీలంక 274 కొట్టింది, భారత్ 4 వికెట్లకు 277 చేసి కప్పు అందుకుంది. ముందు బ్యాటింగ్ తీసుకోవడం తప్పా? ఫైనల్లో 274 చిన్న స్కోరేమీ కాదు. గంభీర్, ధోనీ అలా ఆడకపోయి ఉంటే అదే నిర్ణయాన్ని అందరూ మెచ్చుకునేవారు.

ఫలితం బట్టి నిర్ణయానికి మార్కులు వేసే అలవాటు మైదానాలు దాటి ఇళ్లలోకీ వచ్చింది. హిజ్లీలో ఐఐటీ గోడ పక్కనే ఉండేవారికి ఇది ప్రతి వేసవిలోనూ కనిపిస్తుంది. కౌన్సెలింగ్‌లో సీటు వస్తే దాన్నే ఖాయం చేసుకోవాలా, పై రౌండులో మెరుగైనది రావచ్చని వేచి ఉండాలా అని పిల్లలు తేల్చుకోవాలి. అందరూ చూసేది ఒకే పట్టిక, గత ఏడాది ర్యాంకులు. ఆశించింది వస్తే తెలివైనవాడంటాం, రాకపోతే తొందరపడ్డాడంటాం. నిర్ణయం తీసుకున్న రోజు ఆ పిల్లవాడికి ఏం తెలుసో మాత్రం అడగం. అలా తిట్లు తిన్న పిల్లలు నేర్చుకునేది బాగా ఆలోచించడం కాదు, ఎవరూ తప్పుపట్టని దారి పట్టడం. నిజంగా నష్టం అక్కడ ఉంది.

ఫార్టీనైనర్స్‌ను తప్పుపట్టాల్సిన చోటు ఒకటుంది. అది టాస్ కాదు. కొత్త నియమం తమకు తెలియదని, ముందు టచ్‌డౌన్ చేస్తే మ్యాచ్ అయిపోతుందనే అనుకున్నామని ఆ జట్టు ఆటగాళ్లు కొందరు మ్యాచ్ తర్వాత చెప్పారు. చీఫ్స్ మాత్రం ఆ నియమం గురించి ముందే చర్చించుకున్నామన్నారు. ఎదుటివారు ముందు టచ్‌డౌన్ చేసి ఉంటే తాము 2 పాయింట్లకు వెళ్లేవాళ్లమని కూడా చెప్పారు. ఒక జట్టు చేతులు కాలాక ఆకులు పట్టుకుంది, ఇంకో జట్టు ముందే ఆకులు దగ్గర పెట్టుకుంది. సంభావ్యత తేల్చలేని చోట సన్నద్ధత తేలుస్తుంది.

ఒకరు పంచాలి, ఒకరు ఎంచుకోవాలి

చివరగా నియమాలు రాసేవారికి ఒక మాట. ఈ ప్రశ్న మనకూ దగ్గరే ఉంది. 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో ప్రో కబడ్డీ 12వ సీజన్ మొదలైంది. లీగ్ మ్యాచ్‌లు సమమైతే ఐదేసి రెయిడ్లతో తేల్చే నియమం ఆ సీజన్‌లోనే వచ్చింది. మొదటి రాత్రే బెంగళూరు బుల్స్, పుణేరి పల్టన్ 32-32తో నిలిస్తే పుణేరి టైబ్రేకర్‌లో 6-4తో గెలిచింది. అక్కడా సమమైతే గోల్డెన్ రెయిడ్. ముందు రెయిడ్ టాస్ గెలిచినవారిది. నలభై నిమిషాల చెమట చివరికి ఒక నాణెం మీదకు వచ్చి ఆగుతుంది.

నాణేన్ని నిందించను. మంచి నియమంలో టాస్ గెలిచినా ఏం కోరుకోవాలో తెలియక తల గోక్కోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త నియమం ఆ పరీక్షలో దాదాపు నెగ్గింది. ఇంకా మంచి దారి మన ఊళ్లలో అన్నదమ్ముల పంపకాల్లో ఎప్పటినుంచో ఉంది. ఒకరు వాటాలు వేస్తారు, రెండోవారు ముందు ఎంచుకుంటారు. ఏ వాటా తనకు మిగులుతుందో తెలియదు కాబట్టి పంచేవాడు సమంగానే పంచుతాడు. 2021లో బాల్టిమోర్ రేవెన్స్ జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఇదే సూచించింది. బంతి ఎక్కడ పెట్టాలో ఒక జట్టు చెప్పాలి, బంతి తీసుకోవాలో డిఫెన్స్ చేయాలో రెండో జట్టు ఎంచుకోవాలి. లీగ్ ఒప్పుకోలేదు.

కబడ్డీకి ఇది ఇంకా బాగా అతుకుతుంది. గోల్డెన్ రెయిడ్‌లో ఎంతమంది డిఫెండర్లు నిలబడాలో ఒక జట్టు చెప్పాలి. రెయిడ్ చేయాలో, పట్టాలో రెండో జట్టు తేల్చుకోవాలి. ఏడుగురన్నా, ముగ్గురన్నా చెప్పినవారు తమ అంకెకు తామే కట్టుబడతారు. అప్పుడు టాస్‌కు మిగిలేది ఎవరు పంచాలన్న ప్రశ్న ఒక్కటే. నిర్వాహకులు ఏదైనా చిన్న టోర్నీలో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు. కనీసం మన స్కూలు పోటీల్లో పెడితే పిల్లలకు సంభావ్యత పాఠం మట్టిలోనే దొరుకుతుంది.

ఇదంతా నాన్నకు కాగితం మీద వేసి చూపించాను. 50.2 దగ్గర వేలు పెట్టి కాసేపు చూశారు. "అంటే ముందు దిగినా, ఎనక దిగినా ఒకటేనా?" అన్నారు. దాదాపు అంతే అన్నాను.

"అయితే ఈత నేర్చుకోవాల," అన్నారు.